చెయ్యి అతికింది, నొప్పి ఆగలేదు: ఒక దడ్వాయి అనుభవ పాఠాలు

పండ్ల మార్కెట్లో దడ్వాయిగా, అంటే సరుకు తూచి లెక్క రాసేవాడిగా, నా బతుకంతా కాటా పక్కనే గడిచింది. హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం యార్డు 1986లో మొదలైంది. పని అక్కడే నేర్చుకున్నాను. 2021లో ఆ యార్డు మూసేసి, మార్కెట్‌ను విజయవాడ హైవే మీద బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు మార్చారు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో కాపురం ఉంటున్న మాబోటి వాళ్ళం హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటుకుని మార్కెట్ వెంటే వచ్చాం. ఇక్కడికి వచ్చాక ఒక మామిడి సీజన్లో, తెల్లవారుజామున బండి దింపుతుండగా ట్రేల వరస ఒరిగి నా కుడిచేతి మీద పడింది. మణికట్టు విరిగింది, రెండు వేళ్ళు నలిగాయి. సీజన్ ముగిసేలోపే ఎముక అతికింది. నొప్పి మాత్రం మరుసటి ఏడు మామిడి వచ్చినప్పుడు కూడా నాతోనే ఉంది.

ఇప్పుడు మార్కెట్లో ఎవరి చెయ్యి నలిగినా "కాకా, నీకెట్ల తగ్గింది?" అంటూ నా దగ్గరికి వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే వరసగా రాసిపెడితే మేలనిపించింది. నేను డాక్టర్ని కాను. ఇవి ఆస్పత్రికి పోకుండా ఉండటానికి పనికొచ్చే మాటలు కావు, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఎట్లా బతకాలో చెప్పేవి. అన్నిటి సారం ఒకటే. నొప్పి పూర్తిగా పోయాక చేతిని వాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. మొండిగా వాడితే వచ్చిన చెయ్యి కూడా వెనక్కి పోతుంది. రెంటికీ నడుమ కొలత పట్టుకోవాలి.

1. ఎముక అతకడం వేరు, చెయ్యి తిరిగి రావడం వేరు

పిండికట్టు విప్పి, ఎక్స్‌రే చూసి "అతికింది" అనగానే మనిషి మర్నాడే ట్రే ఎత్తొచ్చని అనుకుంటాడు. ఎక్స్‌రే చూపించేది ఎముకనే. మణికట్టు, చెయ్యి కలిపి 27 ఎముకలుంటే, అందులో 8 మణికట్టులోనివే. పిడికిలి బిగించే బలమైన కండరాలు ఎక్కువగా ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు మణికట్టు గుండా జారుతూ వేళ్ళ దాకా వస్తాయి. కట్టులో వారాల తరబడి కదలకుండా ఉంటే అవి చుట్టుపక్కల కణజాలానికి అంటుకుంటాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. ఇదంతా ఎక్స్‌రేలో కనపడదు.

నరం దెబ్బతింటే లెక్క ఇంకా నిదానం. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు దగ్గర దెబ్బ తగిలితే వేలికొస దాకా స్పర్శ రావడానికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ సంగతి ముందే తెలిస్తే "ఇన్నాళ్ళయినా తగ్గలేదే" అన్న బెంగ సగం పోతుంది.

2. డాక్టరు దగ్గర "నొప్పి" అంటే చాలదు, ఎట్లాంటి నొప్పో చెప్పాలి

మార్కెట్లో "మామిడి" అంటే ధర పలకదు. బంగినపల్లా, హిమాయతా, సైజెంత, పండెంత అని అడుగుతారు. డాక్టరుకూ అట్లా విడమరిచి చెప్పాలి. పొద్దున లేవగానే బిగుసుకుపోయి, కదిలించే కొద్దీ వదిలే నొప్పి ఒకటి. పని చేశాక సాయంత్రం వాపుతో సలిపేది ఇంకొకటి. కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండటం, తిమ్మిరెక్కడం నరం సంగతిని సూచిస్తాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి అర్ధరాత్రి నిద్ర లేపుతుంటే మణికట్టు మధ్యలో మీడియన్ నరం నొక్కుకుంటోందేమోనని పరీక్ష చేస్తారు. చిటికెన వేలి వైపు తిమ్మిరి అయితే అది వేరే నరం.

ఇంకో గుర్తు. బొటనవేలిని పైకి చాపితే మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. కింద పడ్డాక ఆ గుంటలో నొక్కితే నొప్పి పుడుతుంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకను అనుమానించాలి. దాని పగులు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే 10 నుంచి 14 రోజులకు మళ్ళీ ఫొటో తీయిస్తారు. ఆ ఎముకకు రక్తం అందేదే తక్కువ, వదిలేస్తే అతకదు. బత్తాయిల దగ్గర పనిచేసే ఒక కుర్రాడు "బెణుకే కదా" అని బామ్ రాసుకుంటూ నెలలు గడిపి, చివరికి ఆపరేషన్ దాకా పోయాడు.

డాక్టరు గదిలో మనకు దొరికే సమయం కొంచెమే. ఎప్పుడు, ఎక్కడ, ఏ పనికి, ఎంతసేపు నొప్పి ఉంటోందో చిన్న కాగితం మీద రాసుకుని పోతే ఆ కొంచెం సమయం వృథా కాదు.

3. కట్టు ఎవరు కట్టినా వేళ్ళ మీద కన్నుండాలి

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు ఉండడు. చిత్తూరు వైపు పుట్టిన ఆ పేరు ఇవాళ హైదరాబాద్ రోడ్ల మీద ఎన్ని బోర్డులకెక్కిందో చెప్పలేం. ఆ పద్ధతి మీద నమ్మకం ఉన్నవాళ్ళతో నేను వాదానికి పోను. ఒక్కటే అడుగుతాను: ఎక్స్‌రే తీయించావా? ఎముక కీలులోకి విరిగిందో, చర్మం చీల్చుకుని బయటికొచ్చిందో, నరం నలిగిందో తెలియకుండా ఎవరు కట్టినా చీకట్లో కట్టినట్టే.

కట్టు ఆస్పత్రిది కావచ్చు, నాటువైద్యుడిది కావచ్చు. బిగుతెక్కితే రెండూ ఒకటే. లోపల వాపు పెరిగి, కట్టు కదలనివ్వకపోతే కండరానికి రక్తం ఆగిపోతుంది. కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోయి, వేళ్ళు వంకరగా బిగుసుకుపోతాయి. జర్మనీ సర్జన్ రిచర్డ్ వోల్క్‌మన్ 1881లోనే దీన్ని వివరించాడు. ఇప్పటికీ అది జరుగుతూనే ఉంది. కట్టిన తరవాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ పోతే, వేళ్ళు చాపించినప్పుడు ప్రాణం పోయినట్టుంటే, వేళ్ళు చల్లబడినా నల్లబడినా తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పోయి కట్టు విప్పించాలి. దెబ్బ తగలగానే ఉంగరాలు తీసేయడం కూడా ఈ లెక్కలోదే. వాపెక్కాక ఉంగరాన్ని కోసి తీయాల్సి వస్తుంది.

4. కట్టులో ఉన్నది మణికట్టే, భుజం కాదు

చెయ్యి విరిగితే మెడకు జోలె కట్టుకుని, ఆ చేతిని పొట్టకు ఆనించి నెలన్నర తిరిగేవాళ్ళను చూశాను. కట్టు విప్పేసరికి మణికట్టుతో పాటు భుజమూ పట్టేస్తుంది, అప్పుడు రెండు నొప్పులు. డాక్టరు వద్దనకపోతే కట్టులో ఉండగానే భుజం పైకెత్తి తిప్పాలి, మోచెయ్యి ముడిచి చాపాలి, బయట ఉన్న వేళ్ళను గంటకోసారైనా పిడికిలి పట్టి విప్పాలి. మొదటి రోజుల్లో కూర్చున్నా పడుకున్నా చేతిని గుండెకంటే ఎత్తులో, దిండు మీద పెట్టుకోవాలి. వాపు ఎంత తొందరగా దిగితే బిగుసుకుపోవడం అంత తగ్గుతుంది.

5. నొప్పి పుట్టినంత మాత్రాన చెయ్యి చెడిపోతున్నట్టు కాదు

ఈ పాఠం ఒంటపట్టడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. గాయం పచ్చిగా ఉన్నప్పుడు నొప్పి మాట వినాలి. అది "ఆగు" అంటే ఆగాలి. గాయం మానాక నెలల తరవాత కూడా అదే నొప్పి వస్తుంటే దాని అర్థం మారుతుంది. గడ్డిఅన్నారం యార్డుకు తాళం పడ్డాక కూడా కొన్నాళ్ళు కొన్ని బండ్లు పాత గేటు దగ్గరికే వచ్చి నిలబడేవి. డ్రైవర్లకు అలవాటైన దారి అదే మరి. నరాలూ అంతే, పాత కబురును పాత దారినే మోసుకొస్తుంటాయి. దెబ్బ తగిలిన చోట నరాలు, వెన్నుపాము, మెదడు అతి జాగ్రత్తకు అలవాటుపడి, చిన్న కదలికకే పెద్ద కేక పెడతాయి. ఆ నొప్పి ఉత్తుత్తిది కాదు, పచ్చి నిజం. అయితే లోపల ఏదో విరుగుతోందని దాని అర్థం కాదు.

అసలు నొప్పే లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే వెల్లూరు సంగతి వినాలి. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టి, 1946 నుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేశాడు. కుష్ఠు రోగుల చేతులకు స్నాయువులు మార్చి కుట్టి, ముడుచుకుపోయిన వేళ్ళను మళ్ళీ పనిలో పెట్టాడు. వాళ్ళ వేళ్ళు అరిగిపోయేది రోగం కండను తినేయడం వల్ల అని అప్పటిదాకా జనం అనుకునేవారు. నొప్పి తెలియక కాల్చుకోవడం, కోసుకోవడం, అదే గాయం మీద పని చేయడం వల్లే వేళ్ళు పోతున్నాయని ఆయన కనిపెట్టి చెప్పాడు. ఇది చదివాక నా నొప్పి మీద నాకు కోపం తగ్గింది. కాపలా కాసేది ఎక్కువ కాస్తోంది, అంతే. దాన్ని తరిమేయనక్కర్లేదు, నిదానంగా నచ్చజెప్పాలి.

6. నొప్పి లేని రోజే మనల్ని మోసం చేస్తుంది

చెయ్యి బాగున్న రోజు మనిషి ఏం చేస్తాడు? మిగిలిపోయిన పనులన్నీ ఆ రోజే ముందేసుకుంటాడు. మరునాడు చెయ్యి వాచి, మూడు రోజులు మంచం పట్టిస్తుంది. భయం పుట్టి తరవాత వారమంతా కదిలించడు. మళ్ళీ బాగున్న రోజు వస్తుంది, మళ్ళీ అదే కథ. ఇట్లా తిరిగేవాడి చెయ్యి నెలకు నెల బలహీనపడుతుంది.

దీనికి మందు కొలత. చెయ్యి మామూలుగా ఉన్న రోజున ఒక పనిని నొప్పి పెరగకముందు ఎంతసేపు చేయగలవో చూసుకో. రాయడం పది నిమిషాలనుకుందాం. అందులోంచి కొంత తగ్గించి ఏడెనిమిది నిమిషాలు పెట్టుకో. బాగున్న రోజు అంతే, బాగాలేని రోజూ వీలైనంత వరకు అంతే. నొప్పి చెప్పినప్పుడు కాదు, గడియారం చెప్పినప్పుడు ఆపాలి. వారం నిలకడగా సాగితే ఒకటి రెండు నిమిషాలు పెంచు. పని చేశాక నొప్పి కాస్త పెరిగి గంట రెండు గంటల్లో పాత స్థాయికి దిగితే పర్వాలేదు. మరునాటి పొద్దు దాకా ఉండిపోతే, వాపు తెస్తే, కొలత ఎక్కువైందని అర్థం, తగ్గించాలి. ఆపేయడం మాత్రం వద్దు.

7. ఇంటి పనే వైద్యం

ఫిజియో దగ్గరికి వారానికి ఒకటి రెండుసార్లు పోతాం. మిగతా రోజులన్నీ చెయ్యి మనదే. ఆయన చూపించే వ్యాయామాలు చేస్తూనే, అవే కదలికలు ఇంటిపనిలో ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. చపాతీ పిండి పిసకడం పిడికిలికి. బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం వేలికొసలకు. తడిబట్ట పిండటం మణికట్టుకు. ఇది చివరి దశలో చేయాలి, ముందే వద్దు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, చిల్లర ఏరడం, బట్టల క్లిప్పులు నొక్కడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అన్నం కుడిచేత్తో కలుపుకుని తినడానికి మించిన వ్యాయామం నాకు కనపడలేదు. చెంచా చేతబట్టి మూడుపూటలా గడిపేవాడికి ఆ లాభం ఉండదు.

మొదలుపెట్టే ముందు గోరువెచ్చని నీళ్ళలో కొద్దిసేపు చెయ్యి పెట్టుకుంటే కీళ్ళు వదులవుతాయి. స్పర్శ మొద్దుబారిన వాళ్ళు వేడి తెలుసుకోవడానికి రెండో చేతిని ముందు ముంచి చూడాలి, లేకపోతే కాలుతుంది.

ముట్టుకుంటేనే జివ్వుమనే చోట్లను అలవాటు చేయడానికి ఇంకో పద్ధతి ఉంది. ముందు దూదితో, తరవాత మెత్తటి నూలు బట్టతో, ఆ తరవాత గరుకు తువ్వాలుతో రోజుకు రెండు మూడుసార్లు కొన్ని నిమిషాలు నిమరాలి. అది తట్టుకున్నాక గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి వేళ్ళు ఆడించాలి. గాయం పూర్తిగా మానిన చర్మం మీదే ఇదంతా. ఇది నాకు నేర్పిన ఫిజియో అమ్మాయి నా మనవరాలి ఈడుది. "తాతా, బియ్యం వండుకోకండి మళ్ళీ" అని నవ్వించేది కూడా.

8. చెయ్యి రంగు మారి, మెరిసి, గాలి తగిలినా మండుతుంటే ఆలస్యం చేయొద్దు

కొద్దిమందికి దెబ్బకు పొంతన లేని నొప్పి వస్తుంది. చిన్న పగులే, చెయ్యంతా మంట. ఒక చెయ్యి వేడిగా, రెండోది చల్లగా ఉంటుంది. రంగు ఎర్రబడటం, నీలిబారడం, చెమట ఎక్కువ పట్టడం, చర్మం మెరవడం, గోళ్ళూ వెంట్రుకలూ పెరిగే తీరు మారడం, చొక్కా చెయ్యి రాసుకున్నా ఓర్చుకోలేకపోవడం గుర్తులు. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో తుపాకి గుండ్లు తగిలిన సైనికులకు ఫిలడెల్ఫియాలో వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్ ఇలాంటి వాళ్ళ గురించి రాశాడు. మంట భరించలేక వాళ్ళు చేతికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవారు. ఈ జబ్బుకు ఎన్నో పేర్లు పెట్టి, చివరికి 1994లో కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అని ఖాయం చేశారు. సీఆర్‌పీఎస్ అంటే డాక్టర్లకు తెలుస్తుంది.

దీన్ని పట్టించే రక్తపరీక్ష ఏదీ లేదు, గుర్తులు చూసే చెబుతారు. అందుకే "ఎక్స్‌రే బాగుంది, నీ మనసే బాగాలేదు" అనిపించుకుని తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు. అట్లాంటప్పుడు ఇంకో డాక్టరుకు చూపించాలి. మొదట్లోనే పట్టుకుని కదలిక మొదలుపెడితే బాగుపడే అవకాశం ఎక్కువ. మన వైపు వాళ్ళకు దగ్గర్లో వనస్థలిపురం ఏరియా ఆస్పత్రి ఉంది. పెద్ద సంగతైతే ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. పంజాగుట్ట నిమ్స్ 1964లో తెరిచినప్పుడు ఎముకల ఆస్పత్రే. నొప్పి కోసమే విడిగా చూసే డాక్టర్లు ఉంటారని కూడా చాలామందికి తెలియదు. ఎక్కువగా వాళ్ళు మత్తు డాక్టర్లే. అడిగితే పంపిస్తారు.

9. అద్దం మెదడుకు నచ్చజెబుతుంది

తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ న్యూరో శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక చవకైన ఉపాయం కనిపెట్టాడు. చెయ్యి తీసేసినా, లేని చేతిలో నొప్పి ఉందనేవాళ్ళ ముందు నిలువుగా అద్దం పెట్టి, అందులో బాగున్న చేతి ప్రతిబింబం చూస్తూ కదిలించమన్నాడు. పోయిన చెయ్యి కదులుతున్నట్టు కనపడేసరికి కొందరికి నొప్పి సడలింది. తరవాత అదే పద్ధతిని సీఆర్‌పీఎస్‌కు కూడా వాడి చూశారు.

బాగాలేని చెయ్యి అద్దం వెనక ఉండాలి. బాగున్న చెయ్యి ముందు ఉండాలి. అద్దంలోకి చూస్తూ నెమ్మదిగా పిడికిలి పట్టి విప్పాలి, రోజుకు కొన్నిసార్లు, కొద్ది నిమిషాలే. అందరికీ పనిచేయదు. కొందరికి చూస్తుంటేనే నొప్పి పెరుగుతుంది, అప్పుడు ఆపేసి ఫిజియోను అడగాలి. ఖర్చు మాత్రం పాత అద్దం ఖరీదే.

10. నొప్పి సూదికి అలవాటు పడొద్దు

మార్కెట్ చుట్టుపక్కల ఏ మందుల షాపులో అడిగినా నొప్పి గోలీ చేతిలో పెడతారు. డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే రెండు గంటల్లో బండి ఎక్కొచ్చు. అందుకే హమాలీలు దానికి మరిగిపోతారు. ఆ మందు చరిత్ర ఒకటి చెబుతాను. పశువులకు ఈ మందు వేసేవారు. చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు చెడి లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. మనిషి రాబందు కాదు, కొద్దిరోజులు డాక్టరు చెప్పినంత వాడితే మేలే చేస్తుంది. నెలల తరబడి, అదీ షుగరు, బీపీ ఉన్న వయసులో, ఎండలో నీళ్ళు తాగకుండా మోత మోస్తూ వాడితే కడుపుకు, కిడ్నీలకు, గుండెకు చేటు.

నరం నొప్పికి ఈ గోలీలు పెద్దగా పనిచేయవు కూడా. దానికి వేరే మందులున్నాయి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ ఫిట్స్‌కు కూడా వాడే మందులు. అమిట్రిప్టిలిన్ దిగులుకు వాడేది. చీటీ చదివి "నాకు పిచ్చి మందు రాశాడు" అని పారేసినవాళ్ళను చూశాను. నరం నొప్పికి వీటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు. మగత వస్తుంది, అందుకని రాత్రి పూట వేసుకోమంటారు. పని కనపడటానికి వారాలు పట్టొచ్చు. డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

11. షుగరు, పొగ, నిద్ర

ఈ మూడూ చేతికి సంబంధం లేనివిగా కనపడతాయి. షుగరు అదుపులో లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది, వేళ్ళు త్వరగా బిగుస్తాయి, నరాలు విడిగా దెబ్బతింటాయి. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను ముడిచేసి ఎముక అతకడాన్ని కూడా ఆలస్యం చేస్తాయి. ఇక నిద్ర. మార్కెట్ పని రాత్రి బండ్లతో మొదలై తెల్లవారి వేలంతో ఊపందుకుంటుంది. నిద్ర చెడిన రోజు నొప్పి రెండింతలవుతుంది, నొప్పితో మళ్ళీ నిద్ర చెడుతుంది. పగలైనా సరే, చీకటి చేసుకుని ఒకే వేళకు పడుకోవడం గోలీ అంత పని చేస్తుంది.

12. చేతిని పనికి కాదు, పనిని చేతికి తగ్గట్టు మార్చుకోవాలి

సన్న పెన్ను పట్టుకుంటే వేళ్ళు గుంజేవి. పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను, పట్టు వదులైంది. ట్రేను వేళ్ళతో అంచు పట్టి ఎత్తకుండా, రెండు ముంజేతులూ కిందికి పోనిచ్చి ఒంటికి దగ్గరగా పట్టుకుంటే మణికట్టు మీద భారం తగ్గుతుంది. సంచిని వేళ్ళకు తగిలించుకోకుండా భుజాన వేసుకోవాలి. నాలుగు చక్రాల బండి ఉన్నచోట మోత మోయడంలో మగతనమేమీ లేదు. నీళ్ళ సీసా మూత తిప్పడానికి రబ్బరు గుడ్డ, తాళం తిప్పడానికి పొడుగు పట్టు, బండి హ్యాండిల్‌కు మందపాటి కవరు ఇట్లాంటివన్నీ చౌకే. మామిడి ఏరే ఆడవాళ్ళకు ఒకే కదలిక గంటల కొద్దీ ఉంటుంది. వాళ్ళు చేతులు మార్చుకుంటూ, గంటకోసారి రెండు నిమిషాలు ఆపితే దెబ్బ తగలకుండానే వచ్చే నొప్పులను చాలావరకు తప్పించుకుంటారు.

13. దెబ్బ తగిలిన రోజే కాగితం పుట్టాలి

హమాలీకి దెబ్బ తగిలితే ముందు పుట్టేది వాదన: వీడు ఎవరి పనిలో ఉన్నాడు? అడ్తిదారుదా, లారీదా, రైతుదా? రోజులు గడిచేకొద్దీ సాక్షులు కూడా మరిచిపోతారు. అందుకే తేదీ, సమయం, చోటు, ఎవరి సరుకు అన్నవి ఆస్పత్రి చీటీలోనే రాయించాలి. ఎక్స్‌రే ఫిల్ములు, మందుల బిల్లులు ఒక సంచిలో ఉండాలి. సంఘం పెద్దకు, మార్కెట్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి.

2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, మధ్యవేలికి 12 శాతం అని లెక్కగట్టారు. ఆ చట్టం కింద దావాకు 2 ఏళ్ళ గడువు ఉండేది. వేళ్ళన్నీ ఉండి, నొప్పితో పట్టు పోయిన చేతికి ఆ పట్టికలో వరస ఉండేది కాదు. అట్లాంటివాళ్ళకు సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేసి రాయాలి. పిడికిలి బలం ఎంత, మణికట్టు ఎంత వంగుతోంది అన్న కొలతలు ఫిజియో రాసిన కాగితంలో ఉంటే ఆ అంచనాకు బలం చేకూరుతుంది. కొలత లేని సరుకుకు తూకం చీటీ అయిన తక్‌పట్టీ రాదని మాకంటే ఎవరికి తెలుసు?

14. నొప్పి కనపడదు, నోటితో చెప్పాలి

కట్టు ఉన్నంతకాలం అందరూ జాలి చూపిస్తారు. కట్టు పోయాక "ఇంకా ఏం నొప్పి కాకా, పని తప్పించుకుంటున్నవా?" అంటారు. తమాషాకే అన్నా గుచ్చుకుంటుంది. రోజంతా మూలిగితే ఇంట్లోవాళ్ళు విసుగుతారు. అసలు చెప్పకపోతే వాళ్ళకు తెలియదు. మధ్యే మార్గం ఒకటుంది: నొప్పి గురించి కాదు, పని గురించి చెప్పు. "ఈ బిందె ఎత్తలేను, కూరగాయలు మాత్రం తరుగుతాను." "కాటా రాస్తాను, ట్రే ఎత్తడానికి ఒక మనిషి కావాలి." అప్పుడు ఎదుటివాడికి ఏం చేయాలో తెలుస్తుంది, మనకూ బిచ్చమడిగినట్టుండదు.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. ప్రేమతో అన్నీ చేసిపెట్టకండి. ఆయన చొక్కా గుండీ ఆయననే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైనా సరే. దిగులు ఎక్కువై తిండి, నిద్ర, మాట తగ్గితే అది కూడా జబ్బే. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

15. నొప్పిని కాదు, చేసిన పనిని లెక్కపెట్టాలి

"ఇవాళ ఎంత నొప్పి ఉంది?" అని పొద్దున్నే తడుముకునేవాడికి నొప్పి తప్ప ఏమీ దొరకదు. పోయిన నెల చేయలేనిది ఈ నెల ఏం చేశాను అని రాసుకోవాలి. తాళం తిప్పాను. అన్నం కలుపుకున్నాను. సంతకం పాత సంతకంలాగా వచ్చింది. నిండు బకెట్ సగం దూరం మోశాను. నా పుస్తకంలో ఇవే ఉన్నాయి. నొప్పి ఏ రోజున తగ్గిందో మాత్రం ఎక్కడా లేదు, ఎందుకంటే అట్లాంటి ఒక రోజంటూ రాలేదు. చేసే పనులు పెరిగే కొద్దీ అది వెనక్కి జరుగుతూ పోయింది.

కొందరికి పూర్తిగా పోతుంది. కొందరికి చలికాలం పొద్దుల్లో, పని ఎక్కువైన రోజుల్లో మళ్ళీ పలకరిస్తుంది. నాకు రెండోది దక్కింది. చలిలో ఊలు గ్లౌజు వేసుకుంటాను, పని కొలత తగ్గించుకుంటాను, రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుంది. కొత్తగా తిమ్మిరి గాని, వాపు గాని, పట్టు జారిపోవడం గాని కనపడితే మాత్రం పాత నొప్పే అని సరిపెట్టుకోకుండా మళ్ళీ చూపించుకుంటాను. మీరూ అదే చేయండి. మిగిలిన రోజుల్లో చేతికి పని చెప్పండి, కొంచెమే చెప్పండి, రోజూ చెప్పండి.